గోరంట్లలో దాచిన గొంతు

1985

ఫిబ్రవరి 6, బుధవారం

బెంగుళూరు నుంచి పొద్దుటి రైలుకు ధర్మవరం వచ్చాం. బడికి సెలవు చీటీ పంపలేదు. రేపు వెళ్ళి హెడ్మాస్టరుకు చెప్పుకోవాలి.

డాక్టరు మంచివాడే. గొంతులోంచి తీసిన ముక్క తాలూకు రిపోర్టు చూసి, మా ఆయన్ను బయట కూర్చోమని నాతో అన్నాడు. "మాతు బరల్లమ్మా." మాట రాదు. నాకు కన్నడం అర్థం కానట్టు మొహం పెట్టాను. అప్పుడు తెలుగులో చెప్పాడు. గొంతులో మాట పుట్టే చోటు మొత్తం తీసేయాలట. మెడ కింద చిన్న రంధ్రం పెడతారట, ఇక ఊపిరి అందులోంచేనట. తీస్తే మనిషి దక్కుతాడు. తీయకపోతే వచ్చే దసరా చూడడు. మార్చి మొదటి వారంలో రమ్మన్నాడు.

రైల్లో హిందూపురం దాటాక ఆయన అడిగాడు.

"ఏమన్నాడే డాక్టరు?"

"ఆపరేషన్ చేస్తారంట."

"మాట?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. చేలన్నీ ఎర్రగా, బోసిగా ఉన్నాయి. ఈ ఏడు కూడా వేరుశనగ పోయింది.

ఆయనే నవ్వాడు. "అయితే నా బస్సుకు జనాన్ని ఎవురు పిలుస్తారే ఇంగ?"

దసరా నుంచి ఆ కండక్టరు గొంతు బొంగురుపోయి ఉంది. జలుబనుకున్నాం. అంతకు ముందు ధర్మవరం బస్టాండులో నిలబడి "గోరంట్లా!" అని ఒక్క కేక వేస్తే, సంతలో బేరాలాడే వాళ్ళు సంచులు సర్దుకుని పరిగెత్తేవాళ్ళు.

డాక్టర్లు కూడా ఒక్కోసారి పొరపాటు పడతారు.

ఫిబ్రవరి 7

పాపకు ఏం చెప్పాలి? ఇంకా మూడేళ్ళు నిండలేదు.

ఫిబ్రవరి 10, ఆదివారం

పక్కింటి యేసన్న ఆయన్ను చూడ్డానికి వచ్చాడు. రైల్వే గూడ్సు షెడ్డులో పని, ఆదివారం చర్చిలో పాటలు. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చంకలో టేప్‌రికార్డరు ఉంది. ఏం మాట్లాడాలో తెలియక క్రిస్మస్‌కు పాడిన పాట వేసి వినిపించాడు. మా పాప ఓబమ్మ టేప్‌రికార్డరు చుట్టూ తిరిగి, వెనక తడిమి, "మామ దీంట్లో ఉండాడు!" అని అరిచింది. అందరం నవ్వాం. ఆయన కూడా.

నవ్వుతుండగానే నాకు ఆలోచన వచ్చింది. యేసన్న వెళ్ళేటప్పుడు వాకిట్లో ఆపి, కొన్నాళ్ళు ఆ టేప్‌రికార్డరు ఇస్తావా అని అడిగాను. ఎందుకని అడగలేదు. "ఈ నెలంతా చర్చికి పని ల్యాదక్కా, పెట్టుకో," అన్నాడు.

ఇది పాప కోసం. నాకోసం కాదు. ఆ గొంతు నేను బతికున్నన్నాళ్ళూ మరిచిపోను. పాపకు గుర్తుండదు.

ఫిబ్రవరి 12

బడి వదిలాక బజారుకు పోయాను. తిప్పేస్వామి అంగట్లో అద్దాల బీరువా నిండా క్యాసెట్లే.

"యా పాటలు కావల్ల టీచరమ్మా?"

"పాటలు కాదు. ఖాళీవి. చాన్నాళ్ళు చెడకుండా ఉండాల."

"ఎన్నాళ్ళు?"

"పిల్ల పెళ్ళయ్యేదాంక," అన్నాను. నోటికి వచ్చింది అదే.

అతను నవ్వి ఒకటి తీసి చేతిలో పెట్టాడు. "ఇది పట్టుకుపోండి. జపాన్ సరుకు. తొంబై నిమిషాలు. మీరెంత మాట్లాడినా పడ్తాది."

అగ్గిపెట్టెంత తేలిగ్గా ఉంది. పిల్ల పెళ్ళిదాకా ఇది నిలుస్తుందంటే చేతికి నమ్మకం కుదరలేదు. మళ్ళీ వస్తానని చెప్పి వచ్చేశాను.

యేసన్నను అడిగితే తొంబైది వద్దన్నాడు. "ఎక్కువ పట్టల్లని టేపు పల్చగా చేసింటారక్కా. మా చర్చిలో రెండు అట్లే చుట్టుకోని తెగిపాయ. అరవైది కొను. మూలల్లో మరలుండేది చూడు, అంటించింది వద్దు. చుట్టుకున్యా ఇప్పి బాగు చేసుకోవచ్చు."

"జపాన్‌ది అంటున్నాడే?"

"పేరు జపాన్‌దే."

ఇంకా చాలా చెప్పాడు. ఎండ తగలకూడదు. దుమ్ము పడకూడదు. పాత రేడియో దగ్గర పెట్టకూడదు, అందులో అయస్కాంతం ఉంటుందట. వెనక రెండు చిన్న ముక్కలుంటాయి, రికార్డు అయ్యాక అవి విరిచేస్తే దానిమీద మళ్ళీ ఎవరూ ఇంకోటి ఎక్కించలేరు. అన్నీ చెప్పి చివర్లో అన్నాడు. "ఎంత మంచిదైనా ఒగ దినం పోతాదక్కా. ఒగటే పెట్టుకోవద్దు. ఇంగోదాంట్లోకి ఎక్కించి వేరే ఇంట్లో పెట్టు."

ఫిబ్రవరి 14

రెండు కొన్నాను. అరవైవి, మరలున్నవి. ఆయనకు చూపించి సంగతి చెప్పాను.

"నేను సచ్చేలోగానే గోరీ కడ్తాండావా?" అన్నాడు. అన్నం ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 16, శనివారం

ఒప్పుకున్నాడు. మంచం మీద కూర్చోబెట్టి ఎదురుగా స్టూలు మీద టేప్‌రికార్డరు పెట్టాను.

"ఏం చెప్పల్ల?"

"ఏదైనా చెప్పు."

"ఏదైనా అంటే?"

"బస్టాండులో ఎట్లా పిలుస్తావో అట్లా పిలువు."

"బస్సు ల్యాకుండా ఆ కేక రాదే," అన్నాడు. నిజంగానే ప్రయత్నించాడు పాపం. నోరు తెరిచి, చుట్టూ చూసి, మూసుకున్నాడు. పక్క ఇళ్ళలో మగ్గాలు ఆడుతున్నాయి. టేపు తిరుగుతూనే ఉంది. "నాతో కాదు," అని లేచి వీధిలోకి పోయాడు. ఆ మాట ఒక్కటి పడింది.

ఫిబ్రవరి 17, ఆదివారం

ఈరోజు చెప్పకుండా పెట్టాను. పొద్దున పాప దాగుడుమూతలు ఆడుతూ ధాన్యం గరిసె వెనక దాక్కుంటే ఆయన వెతుకుతున్నాడు. దొరికినా దొరకనట్టే. "ఓబమ్మో! యాడ పోతివమ్మో! ఓబమ్మను నక్కలెత్తుకపోయినాయే! పలకమ్మా, మీ నాయన పిలుస్తాండాడు!" పాప నవ్వు ఆపుకోలేక కిసుక్కుమనడం, ఆయన "ఇదో, ఎలక నగుతాండాది," అనడం. అంతా పడింది. టేప్‌రికార్డరు మీద నేను చీర కొంగు కప్పాను.

తర్వాత ఆయన అది చూశాడు. తనే వచ్చి దాని ఎదురుగా కూర్చున్నాడు. తన చిన్నప్పుడు శింగనమల చెరువు తెగిన సంగతి, ఎడ్లను తోక పట్టుకుని దాటించిన సంగతి చెప్పాడు. నాకు తెలియని కథ. పెళ్ళై ఇన్నేళ్ళయినా నాకు చెప్పలేదు.

ఫిబ్రవరి 20

వేసి విన్నాను. సగం నా గొంతే. "గట్టిగా చెప్పు." "ఇటు తిరుగు." "మాట్లాడు, మాట్లాడు." బళ్ళో పిల్లలను గదమాయించినట్టే.

ఆయన గొంతు కూడా అసలుది కాదు. ఆ బొంగురు వచ్చాకది. పోయిన ఏడు ఈ ఆలోచన వచ్చి ఉంటే. పోయిన ఏడు ఎందుకొస్తుంది.

యేసన్న అనంతపురం తీసుకుపోయి, రెండు క్యాసెట్లు పట్టే పెద్ద మిషను మీద రెండోదానికి కూడా ఎక్కించుకొచ్చాడు. రెండింటి ముక్కలూ విరిచాను.

ఫిబ్రవరి 24

రెండోది గోరంట్లలో మా తిరుపాలమ్మ అక్క దగ్గర ఉంచాలనుకున్నాను. ఆయనే తీసుకుపోతానన్నాడు. ఈరోజే ఆఖరి డ్యూటీ. టిక్కెట్ల సంచిలో తన గొంతు తనే పెట్టుకుని పోయాడు.

సాయంత్రం వచ్చి, "ఇచ్చొస్తి. మీ అక్క బీరువాలో చీరల నడుమ పెట్టుకునింది," అన్నాడు. బస్సులో పిలిచావా అని అడిగాను.

"పిలిస్తి."

"ఎట్లా వచ్చింది?"

"ఎక్కేటోళ్ళు ఎక్కినారు."

మార్చి 4, బెంగుళూరు

రేపు. సాయంత్రం ఆసుపత్రి వరండాలో ఇద్దరం కూర్చున్నాం. ఏమైనా మాట్లాడతాడేమోనని చూశాను. నా చేతిని తన చేతిలో పెట్టుకుని ఊరికే ఉన్నాడు. నేనూ మాట్లాడించలేదు. ఆఖరి మాట ఇదీ అని ఒకటి ఉంటే దాన్ని నేను మోయలేను.

మార్చి 5

అయిపోయింది.

మార్చి 28

ఇంటికి వచ్చాం. మెడ చుట్టూ తెల్లగుడ్డ. ఊపిరి తీస్తే ఈలలాంటి చప్పుడు. అక్క దగ్గర వదిలిన పాపను బావ తీసుకొచ్చి దించాడు. ఆయన రెండు చేతులూ చాచాడు. పాప ఆ చప్పుడు విని నా కాళ్ళ వెనక్కి పోయింది.

కొత్త కదా. రెండు రోజుల్లో అలవాటవుతుంది.

ఏప్రిల్ 9

అలవాటు కాలేదు. ఆయన గదిలోకి వస్తే పాప బయటికి పోతోంది. "నాయన యాడ?" అని అడుగుతోంది. "ఇదుగో నాయన," అంటే తల అడ్డంగా ఊపుతోంది.

బస్సు యజమాని గంగాధరప్ప వచ్చి, మంచివాడే, పరామర్శించి పోయాడు. కొత్త కండక్టరును పెట్టుకున్నాడట.

ఏప్రిల్ 14

సాయంత్రం పాప ఏడుపు ఆపలేదు. యేసన్న దగ్గర టేప్‌రికార్డరు తెచ్చి క్యాసెట్టు వేశాను. "ఓబమ్మో! యాడ పోతివమ్మో!" పాప ఏడుపు ఆపేసి దానికి చెంప ఆనించుకుని పడుకుంది. అలాగే నిద్రపోయింది.

ఆయన వాకిట్లో ఉన్నాడు. వినిపించి ఉండదు.

ఏప్రిల్ 22

యేసన్న టేప్‌రికార్డరు చర్చికి అవసరమైనప్పుడు తీసుకుపోతాను, మిగతా రోజులు మీ ఇంట్లోనే ఉండనీ అన్నాడు. రోజూ వేస్తున్నాను. పాప బువ్వ తింటోంది, నిద్రపోతోంది. ఇంతకన్నా ఏం కావాలి.

ఆయన వినడం ఇష్టం లేక బయటికి పోవడం లేదు. లోపల ఉక్కగా ఉంటుందని వాకిట్లో కూర్చుంటున్నాడు.

ఏప్రిల్ 30

పాప ఆయనకు పేరు పెట్టింది. గుడ్డనాయన. టేపులో ఉన్నాయన నాయన, ఇంట్లో ఉన్నాయన గుడ్డనాయన. పక్కింటి వాళ్ళ పిల్లతో చెబుతుంటే విన్నాను. ఆయన కూడా విన్నాడు. మంచినీళ్ళ చెంబు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

మే 2

పలక మీద రాసి నా ముందు పెట్టాడు. "అది ఆపు."

"పాప కోసమే కదా. నిద్రపోదు మరి," అన్నాను.

తుడిచి మళ్ళీ రాశాడు. "నేను బతికే ఉండా."

పలక చేతిలోంచి తీసుకుని నేనే తుడిచాను.

మే 3

క్యాసెట్టు ట్రంకుపెట్టెలో అడుగున పెట్టేశాను.

మే 7

ఒక్కసారే వేశాను. ఆయన పంపు దగ్గర నీళ్ళకు వరసలో ఉన్నప్పుడు. పాప అడగలేదు. నిజం చెప్పాలంటే పాప ఇంట్లో లేదు.

మే 19, ఆదివారం

క్యాసెట్టు వంకరపోయింది. కిటికీ బండ మీద ఎండలో పడి ఉంది. ఆ బండ మీద పొద్దున పదింటికే చెయ్యి పెట్టలేం. యేసన్న మరలు విప్పి చూశాడు. టేపు అప్పడంలా అలలు తిరిగింది. వేస్తే ఎవరో నీళ్ళ అడుగునుంచి పిలిచినట్టు ఒక శబ్దం వచ్చి, మిషనుకు చుట్టుకుని తెగిపోయింది.

"ఎండలో ఎవురు పెట్టిరక్కా?" అన్నాడు యేసన్న.

నేనే పెట్టి ఉంటాను.

మే 20

నేనే పెట్టాను. ట్రంకుపెట్టెలోంచి తీసి, విని, మరిచిపోయి ఉంటాను.

మే 21

ఆయన్ను అడగలేదు. అడగాల్సిన పని లేదు. ఆయన నా వైపు చూడటం లేదు, ఎండకు తలనొప్పిగా ఉండి ఉంటుంది.

జూన్ 11

అక్క వచ్చింది. సంగతి విని, "రెండోది నా దగ్గర బద్రంగా ఉండాది గదమ్మీ, ఈసారి వచ్చినప్పుడు తెస్తా," అంది. ఆయన తలుపు దగ్గరే కూర్చుని ఉన్నాడు. గబుక్కున తల ఎత్తాడు.

"వద్దక్కా. ఆడనే ఉండనీ," అన్నాను.

అక్క మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

ఆగస్టు 4

ఇది రాయాలి, మరిచిపోకుండా.

ఆయన గడప మీద కూర్చుని, వేలి కణుపులతో తలుపు మీద టకటకమని రెండు దెబ్బలు కొట్టాడు. బస్సు కదలమని కండక్టరు రేకు మీద కొడతాడే, అలాగే. ఏం ఆలోచిస్తూ కొట్టాడో. మూలన ఆడుకుంటున్న పాప తల ఎత్తి, "రైట్ రైట్!" అంది. ఎక్కడ నేర్చుకుందో తెలియదు. ఆయన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఒక దెబ్బ కొట్టాడు. "ఆగల్ల!" అంది పాప. మళ్ళీ రెండు. "రైట్ రైట్!" ఒకటి. రెండు. పాప దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చి, చివరికి ఆయన మోకాళ్ళ మధ్య నిలబడింది. మెడమీది గుడ్డను ముట్టుకుని, "నొప్పా?" అంది.

ఆయన భుజాలు కదిలాయి. చప్పుడు లేదు. ఏడ్చాడో నవ్వాడో పక్కనుంచి నాకు తెలియలేదు.

సెప్టెంబరు 15

పొద్దస్తమానం బస్సాటే. ఆయన తలుపు కొడితే పాప కేక వేస్తుంది. "కొత్తచెరువా! గోరంట్లా!" వీధి చివర మగ్గం ఆపి మరీ నవ్వుతున్నారు. గొంతు అచ్చం వాళ్ళ నాయనదే. పులి కడుపున పులే పుట్టింది.

నవంబరు 3

ఇద్దరూ అంగడికి పోయారు. ఆయన వేలితో చూపిస్తే ఇది చెబుతుందట. ఈరోజు, "నాయనకు ఉప్పు కావల్లంట, నాకు బొరుగులుండలు కావల్లంట," అని చెప్పిందట. ఆయన ఉప్పే చూపించాడు. మరమరాల ఉండలు కూడా వచ్చాయి.

గుడ్డనాయన అనే మాట ఎప్పుడు పోయిందో గమనించలేదు.

1986

జనవరి 26

ఈ ఏడు ఎవరూ డైరీ ఇవ్వలేదు. పాతదాంట్లో మిగిలిన పేజీల్లోనే రాస్తున్నాను. రాయడానికీ పెద్దగా ఏం లేదు. మంచి రోజులకు రాత ఎందుకు.

జూన్ 16

ఓబమ్మను నా బళ్ళోనే చిన్నపిల్లల వరసలో కూర్చోబెడుతున్నాను. బడి వదిలే వేళకు ఆయన వచ్చి గేటు ఇనుప రేకు మీద రెండు కొడతాడు. లోపల ఎంత గోలలో ఉన్నా దీనికి వినబడుతుంది.

1987

మార్చి 20

మెడ పక్కన గడ్డ. చిన్నదే. చిక్కుడుగింజంత. వేడి చేసిందేమో.

ఏప్రిల్ 8, బెంగుళూరు

అదే డాక్టరు. ఈసారి ఆయన్ను బయట కూర్చోమనలేదు.

జూన్ 2

మంచం దిగడం లేదు. మంచంకోడు మీద కొడుతున్నాడు. రెండు కొడితే పాప కోసం, ఒకటి కొడితే నాకోసం. చెయ్యి తేలిపోయింది, చప్పుడు రాదు. పాపకు మాత్రం పక్కగదిలో ఉన్నా తెలుస్తోంది. నాకు తెలియడం లేదు. అదే వచ్చి, "మా, నాయన నిన్ను కొడ్తాండాడు," అని చెబుతోంది.

జూలై 9

పోయాడు. పొద్దున.

జూలై 30

ఏం రాయను.

నవంబరు 15, ఆదివారం

పోయిన వారం గోరంట్ల వెళ్ళి క్యాసెట్టు తెచ్చుకున్నాను. అక్క చీరల మధ్య, పసుపు గుడ్డలో చుట్టి, ఆయన ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచింది. మరలు కూడా తుప్పు పట్టలేదు.

ఇంటికి తెచ్చి వారమంతా ముట్టుకోలేదు. ఈరోజు మధ్యాహ్నం యేసన్న దగ్గర టేప్‌రికార్డరు తెచ్చాను. పాప నేలమీద బొమ్మలు గీసుకుంటోంది. ఐదున్నరేళ్ళు. పాపకు చెప్పలేదు. ఒక్కసారిగా వినిపించి దాని మొహం చూడాలనుకున్నాను. రెండేళ్ళకు పైగా దాచింది ఆ మొహం కోసమే.

ఎక్కడా చెడలేదు. ఒక్క గర్రుమనే చప్పుడు కూడా లేదు. ఆయన ఇంట్లోకి వచ్చి నిలబడ్డట్టే ఉంది. "ఓబమ్మో! యాడ పోతివమ్మో!"

పాప తల ఎత్తలేదు. గీత గీస్తూనే ఉంది. తన పేరు మళ్ళీ వినబడ్డాక అడిగింది.

"ఎవురుమా అది? నన్ను పిలుస్తాండాడు?"

"మీ నాయనమ్మా."

నేనేదో అబద్ధం చెబుతున్నట్టు చూసింది. "పో మా. నాయనకు మాటల్లేవు గదా."

"ముందు ఉండేవి పాపా. నువ్వు చిన్నగా ఉన్నప్పుడు. నువ్వు దీన్ని పక్కన పెట్టుకునే నిద్రపోయేదానివి."

కాసేపు నాకోసమన్నట్టు విన్నది. ఆ బొంగురు గొంతు నక్కల సంగతి చెబుతోంది. అందులో నవ్వే పిల్ల ఎవరని కూడా అడిగింది. నువ్వేనన్నాను. అదీ నమ్మలేదు. "నాయన ఇట్ల గదా పిలిచేది," అని వేలి కణుపులతో నేలమీద రెండు కొట్టి చూపించి, బొమ్మ అలాగే వదిలేసి పక్కింట్లోకి ఆడుకోవడానికి పోయింది.

నేను టేపు ఆపలేదు. ఎవరూ లేని ఇంట్లో ఆయన వెతుకుతూనే ఉన్నాడు. "పలకమ్మా, మీ నాయన పిలుస్తాండాడు. పలకమ్మా."

చివరికి నేనే పలికాను.